ఫీజు కట్టాం... బాధ్యత తీరిందా?

అమీర్‌పేట పేరు వినని తెలుగు కుటుంబం అరుదు. మైత్రీవనం దగ్గర దిగి పక్క సందుల్లోకి అడుగుపెడితే చాలు, కరపత్రాలు పంచే కుర్రాళ్లు చుట్టుముడతారు. తలెత్తి చూస్తే అంతస్తు అంతస్తుకూ ఒక కోచింగ్ సెంటరు బోర్డు. 1990ల చివర్లో ఇక్కడ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ నేర్పారు. తరువాత జావా, ఒరాకిల్, డాట్‌నెట్ వచ్చాయి. ఇప్పుడు పైథాన్, క్లౌడ్, డేటా సైన్స్ అంటున్నారు. కోర్సుల పేర్లు మారాయి గానీ పల్లెల నుంచి, పట్టణాల నుంచి బ్యాగు భుజాన వేసుకుని వచ్చే పిల్లల వరుస మాత్రం ఆగలేదు. ఆ పిల్లల వెనుక అప్పు చేసిన తండ్రి ఉంటాడు, గాజులు కుదువ పెట్టిన తల్లి ఉంటుంది.

2019 చివర్లో ఒకరోజు ఆ వీధులకు దగ్గరలోని ఒక మసీదులో జుహర్ నమాజు ముగించి బయటికి వస్తున్నాను. మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటున్న ఒక పెద్దమనిషి సలాం చెప్పి పలకరించాడు. ఖమ్మం వైపు నుంచి కొడుకును తీసుకుని వచ్చాడు. ఆ ఉదయమే కోచింగుకు ఫీజు కట్టాడు, హాస్టల్లో అడ్వాన్సు ఇచ్చాడు. కొడుకు పక్కనే తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పెద్దగా ఊపిరి వదిలి, "అల్‌హమ్‌దులిల్లాహ్, నా బాధ్యత తీరిపోయింది భాయ్! ఇక వీడు, వీడి సార్లు చూసుకోవాలి" అన్నాడు.

అంతలో ఆయన ఫోను మోగింది. ఎవరికో డబ్బు ఇవ్వాల్సి ఉన్నట్టుంది. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ఇంకా బస్సులోనే ఉన్నాను, సూర్యాపేట కూడా దాటలేదు. సిగ్నల్ సరిగా లేదు, సాయంత్రం మాట్లాడతాను" అని పెట్టేశాడు. నిలబడి ఉన్నది అమీర్‌పేటలో, మసీదు మెట్ల మీద! కొడుకు ఒక్కసారి తండ్రి వైపు చూసి మళ్లీ తల దించుకున్నాడు.

ఆ తండ్రిని తప్పుపట్టేందుకు ఈ సంగతి చెప్పడం లేదు. అలాంటి మాట నేను ఎన్నిసార్లు అన్నానో నాకు తెలుసు, నా ప్రభువుకు తెలుసు. కానీ ఆ రోజంతా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ అబ్బాయికి ఆ రోజు రెండు క్లాసులు జరిగాయి. ఒకటి వేల రూపాయలు కట్టి చేర్పించిన క్లాసు. రెండోది మసీదు మెట్ల మీద పైసా ఖర్చు లేకుండా అర నిమిషంలో ముగిసిన క్లాసు. పదేళ్ల తరువాత వాడికి ఈ రెండింటిలో ఏది గుర్తుంటుంది? ఆ రెండో క్లాసుకు ఉపాధ్యాయుడు ఎవరు? అసలు 'బాధ్యత తీరిపోయింది' అనే మాట ఏ తండ్రి అయినా, ఏ తల్లి అయినా అనగలరా?

జీతానికి దొరికేది, దొరకనిది

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. పిల్లల్ని ఇతరుల దగ్గర చదివించడం తప్పు కాదు. విద్య నేర్పే గురువుకు వేతనం ఇవ్వడమూ తప్పు కాదు. వైద్యం, లెక్కలు, కంప్యూటరు తల్లిదండ్రులందరికీ రావు. రానిది వచ్చినవారి దగ్గర నేర్పించడమే వివేకం. హలాల్ సంపాదనతో బిడ్డను చదివించే తండ్రి చెమటకు అల్లాహ్ దగ్గర తప్పక విలువ ఉంటుంది. కుటుంబం కోసం చేసే ఖర్చు కూడా పుణ్యకార్యమేనని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు.

అయితే చిక్కు ఎక్కడ వస్తుంది? పనిని అప్పగించి, దానితోపాటు జవాబుదారీని కూడా అప్పగించేశామని అనుకోవడంలో వస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. మనం ఇల్లు కట్టడానికి మేస్త్రీని పెట్టుకుంటాం. గోడ కట్టేది మేస్త్రీయే. కానీ ఆ ఇంటి వల్ల పొరుగువాడి దారి మూసుకుపోతే పంచాయితీలో నిలబడేది మేస్త్రీ కాదు, యజమాని. నైపుణ్యం జీతానికి దొరుకుతుంది. సంజాయిషీ మాత్రం ఎవరికి వారే ఇచ్చుకోవాలి.

మీలో ప్రతి ఒక్కరూ కాపరియే, ప్రతి కాపరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మనందరం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులో పాలకుణ్ణి ప్రస్తావించిన వెంటనే ఇంటి యజమాని ప్రస్తావన, ఆ వెంటనే ఇంటి ఇల్లాలి ప్రస్తావన ఉన్నాయి. అంటే రాజ్యం ఏలేవాడి బాధ్యత ఎలాంటిదో, మూడు గదుల ఇంటిని నడిపేవారి బాధ్యతా అలాంటిదే. అలాగే మిమ్మల్ని మీరు, మీ ఇంటివారిని అగ్ని నుంచి కాపాడుకోండని 'తహ్రీమ్' సూరాలో విశ్వాసులకు ఆజ్ఞ ఉంది. గమనించండి, అందులో 'మిమ్మల్ని మీరు' అన్నది ముందు వచ్చింది, 'మీ ఇంటివారిని' అన్నది తరువాత వచ్చింది. ఆ వరుసలో ఎంతో వివేకం ఉంది. తనను తాను చక్కదిద్దుకోని మనిషి ఇంటిని చక్కదిద్దడం ఎలా సాధ్యం?

నోరు విప్పని గురువు

మనిషి తల్లి గర్భం నుంచి ఏమీ తెలియని స్థితిలో బయటికి వస్తాడు. తరువాత అల్లాహ్ అతనికి వినే శక్తిని, చూసే శక్తిని, ఆలోచించే హృదయాన్ని ప్రసాదించాడని 'నహ్ల్' సూరా తెలుపుతోంది. ఆ చెవులు మొదట వినేది ఎవరి మాటలు? ఆ కళ్లు మొదట చూసేది ఎవరి నడతను? బడి గంట మోగకముందే మూడు నాలుగేళ్ల పాటు బిడ్డకు ఇంట్లో పాఠాలు జరుగుతూనే ఉంటాయి.

కోచింగ్ సెంటర్లలో ఒక పద్ధతి ఉంది. ఫీజు కట్టకముందు రెండు మూడు రోజులు డెమో క్లాసులు వినవచ్చు. నచ్చితే చేరవచ్చు, నచ్చకపోతే పక్క సెంటరుకు వెళ్లవచ్చు. ఇంట్లో పుట్టిన బిడ్డకు ఆ అవకాశం లేదు. అమ్మానాన్నల్ని పరీక్షించి ఎంచుకునే వీలు ఏ బిడ్డకూ ఉండదు. ఇంటికి సెలవు లేదు, గంట లేదు, పాఠం అయిపోయిందని చెప్పేవారూ లేరు. మనం నేర్పుతున్నామని అనుకున్నప్పుడు పిల్లలు విన్నా వినకపోయినా, మనం నేర్పడం లేదని అనుకున్నప్పుడు మాత్రం శ్రద్ధగా నేర్చుకుంటారు.

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటన అబూదావూద్ గ్రంథంలో ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన తల్లి ఏదో ఇస్తాను రమ్మని పిలిచింది. అప్పుడు దైవప్రవక్త (స) వారి ఇంట్లోనే ఉన్నారు. పిల్లవాడికి ఏమివ్వాలని అనుకున్నావని ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. నువ్వు ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ పేరిట ఒక అబద్ధం రాయబడేదని ఆయన హెచ్చరించారు. ఒక్క ఖర్జూరం విషయం! దాన్ని మనం అబద్ధంగా లెక్కించనే లెక్కించం. అన్నం తినకపోతే పోలీసు వస్తాడంటాం, ఏడుపు మానితే ఐస్‌క్రీం కొంటామంటాం. తరువాత మరచిపోతాం. పిల్లవాడు మరచిపోడు. ఐస్‌క్రీం రాలేదన్న బాధ కంటే పెద్దవాళ్ల మాటను నమ్మనక్కర్లేదన్న పాఠం వాడి మనసులో లోతుగా నాటుకుంటుంది.

మరి మంచి పాఠం ఎలా నాటుకుంటుంది? దైవప్రవక్త (స) ఇంట్లో పెరిగిన ఉమర్ బిన్ అబీ సలమా (రజి) బాల్యాన్ని చూడండి. భోజనం చేసేటప్పుడు ఆయన చేయి పళ్లెమంతా తిరుగుతూ ఉండేది. అల్లాహ్ పేరు చెప్పి, కుడి చేత్తో, నీకు దగ్గరగా ఉన్న వైపు నుంచి తినమని దైవప్రవక్త (స) మృదువుగా చెప్పారు. చెప్పింది మూడే విషయాలు. అరుపు లేదు, అవమానం లేదు. చెప్పిన వారు స్వయంగా ఆ పద్ధతిలోనే, అదే పళ్లెం దగ్గర కూర్చుని తింటున్నారు. ఆనాటి నుంచి నేను అలాగే తింటూ వచ్చానని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఒక్క భోజనం దగ్గర చెప్పిన మాట జీవితాంతం నిలిచింది.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ల పాటు దైవప్రవక్త (స) వారికి సేవ చేశారు. ఆ పదేళ్లలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ఇంట్లో దైవప్రవక్త (స) ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడుతూ ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆమె తెలిపారు. బయటి లోకం చూసిన ప్రవక్త, ఇంటివారు చూసిన ప్రవక్త వేరు కాదు. మనలో ఎంతమందిమి ఈ పరీక్షలో నెగ్గగలం? ఆఫీసులో అందరితో నవ్వుతూ మాట్లాడే మనిషి ఇంటి గడప దాటగానే కనుబొమలు ముడిచేస్తాడు. మంచి ముఖమంతా పరాయివాళ్ల కోసం ఖర్చుపెట్టి, మిగిలిన చికాకును ఇంటికి తెస్తాం. ఇంటివారు మన దగ్గర ఫీజు తీసుకోని విద్యార్థులు కదా, ఎక్కడికీ పోరులే అన్న ధీమా!

శరీరం కూడా ఒక అమానతే

ఇంటి పాఠం అనగానే మనకు నమాజు, ఖుర్ఆన్ పారాయణం మాత్రమే గుర్తుకు వస్తాయి. అవి పునాదులు, అందులో సందేహం లేదు. కానీ రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నాం, ఏం తింటున్నాం, కోపం వస్తే ఏం చేస్తున్నాం, జబ్బు చేస్తే ఎలా ఓర్చుకుంటున్నాం అన్నవి కూడా పాఠాలే. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) చెప్పిన మాట బుఖారీలో ఉంది. తెల్లవారుజామున రెండింటి దాకా ఫోను చూసి, ఫజ్ర్ పోగొట్టుకుని, పదింటికి లేచి టీ తాగే ఇంట్లో పిల్లవాడు దేన్ని నేర్చుకుంటాడు? చక్కెర వ్యాధి ఉన్న తండ్రి మాత్రను వాయిదా వేస్తూ, దావతులో మిఠాయి వదలకుండా తింటూ, కొడుక్కి మాత్రం ఆత్మనిగ్రహం గురించి ఉపన్యాసమిస్తే ఏ చెవికి ఎక్కుతుంది? ఇతరులకు మంచిని బోధిస్తూ తమను తాము మరచిపోయేవారిని 'బఖరా' సూరా నిలదీసింది. ఆ ప్రశ్న ఆనాటి వారికే పరిమితం కాదు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. కొందరు ధర్మనిష్ఠ పేరుతోనే ఇంటిని, శరీరాన్ని నిర్లక్ష్యం చేస్తారు. హజ్రత్ సల్మాన్ (రజి) ఒకసారి తన ధర్మసోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్లారు. ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడుపుతూ భార్యను పట్టించుకోవడం లేదని గ్రహించారు. నీ ప్రభువుకు నీపై హక్కు ఉంది, నీ శరీరానికి హక్కు ఉంది, నీ ఇంటివారికి హక్కు ఉంది, ఎవరి హక్కు వారికి చెల్లించమని ఆయన బోధించారు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పింది నిజమన్నారు. రాత్రంతా చేసే ఆరాధనే ఇంటివారి హక్కును రద్దు చేయలేకపోతే, మన వ్యాపారం, మన ఉద్యోగం, మన ఓవర్‌టైము రద్దు చేయగలవా?

హాస్టళ్లు మూతపడిన రోజు

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు అమీర్‌పేట ప్రాంతంలో హాస్టళ్లు ఖాళీ చేయమంటున్నారని వందలాది యువతీయువకులు ఎస్.ఆర్.నగర్, పంజగుట్ట పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. ఊరికి వెళ్లేందుకు అనుమతి పత్రం కావాలి. కొందరు పత్రం దొరికి బయలుదేరినా ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆగిపోయారు. నగరంలో పాఠం చెప్పే చోటు, అన్నం పెట్టే చోటు, పడుకునే చోటు అన్నీ డబ్బు కట్టినంత కాలం మనవే. ఒక్క రాత్రిలో అవి మూతపడితే అందరికీ గుర్తుకువచ్చిన చిరునామా ఒక్కటే: ఇల్లు.

మసీదు మెట్ల మీద చూసిన ఆ అబ్బాయి కూడా ఆ వరుసలో నిలబడి, ఎలాగో ఊరు చేరాడని తరువాత తెలిసింది. అప్పటి నుంచి క్లాసులు ఫోనులోకి వచ్చాయి. 'ఇక వీడి సార్లు చూసుకోవాలి' అన్న తండ్రికి కొడుకు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా కళ్లెదుటే ఉన్నాడు. కొడుకుకు తండ్రి కూడా అలాగే కళ్లెదుట ఉన్నాడు. ఆ నెలల్లో ఎన్నో ఇళ్లలో ఇదే జరిగింది. కొన్ని ఇళ్లలో ఇమామ్ అయిన తండ్రి వెనుక పిల్లలు వరుసగా నిలబడి తొలిసారి జమాఅతుతో నమాజు చేశారు. కొన్ని ఇళ్లలో అరుపులు పెరిగాయి. నాలుగు గోడలు కొత్తగా ఏమీ సృష్టించలేదు, లోపల ఉన్నదాన్ని బయటపెట్టాయి.

నిమ్స్ వరండాలో

అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషను దాటితే పంజగుట్ట. అక్కడ నిమ్స్ ఆస్పత్రి ఉంది. 1960లలో నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా మొదలై, తరువాత వైద్య విజ్ఞాన సంస్థగా మారిన ఈ ఆస్పత్రి తెలుగు జిల్లాల పేదలకు ఎంతో తెలిసిన పేరు. అమీర్‌పేట సందుల్లో యువకులు భవిష్యత్తును వెతుక్కుంటూ తిరుగుతారు. నిమ్స్ వరండాల్లో వాళ్ల తల్లిదండ్రులు ఫైలు చేత పట్టుకుని తమ వంతు కోసం కూర్చుంటారు. ఒకే రహదారికి ఇవి రెండు కొసలు.

2021 చివర్లో ఒక బంధువును చూడటానికి అక్కడికి వెళ్లినప్పుడు ఆ తండ్రీకొడుకులు కనిపించారు. తండ్రికి వెన్నెముక సమస్య, ఎక్కువసేపు నిలబడలేడు. అస్ర్ వేళైంది. కొడుకు సీసాలో నీళ్లు తెచ్చి, తండ్రి చేతులు, ముఖం కడిగించాడు. వంగలేని ఆయన పాదాలను తన చేతులతోనే కడిగి, వేళ్ల మధ్య తడి చేసి, తువ్వాలుతో ఒత్తాడు. తువ్వాలు పరచి, కుర్చీ సర్ది, ఖిబ్లా వైపు తిప్పి కూర్చోబెట్టాడు. అందులో హడావుడి లేదు, ఎవరైనా చూస్తున్నారన్న ఆలోచన లేదు. ఎన్నో ఏళ్లుగా అలవాటైన పనిలా ఉంది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని అడిగాను. వాడు ఆశ్చర్యంగా చూశాడు. "నేర్చుకోవడం ఏముంది అంకుల్? మా తాతకు పక్షవాతం వచ్చినప్పుడు నాన్న రోజూ ఇలాగే చేసేవాడు. నేను చెంబు పట్టుకునేవాడిని" అన్నాడు.

తండ్రి ముఖం చూశాను. ఆయన కళ్లు నిండి ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన తన తండ్రికి సేవ చేస్తున్నానని అనుకున్నాడు గానీ, చెంబు పట్టుకున్న ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి పాఠం చెబుతున్నానని అనుకోలేదు. ఫీజు కట్టి చేర్పించిన కోర్సు మధ్యలో ఆగిపోయింది. ఫీజు లేని ఈ కోర్సు మాత్రం పూర్తయింది.

ఇంతలో కొడుకు ఫోను మోగింది. ఎవరికో బాకీ ఉన్నట్టుంది. తండ్రి అలవాటుగా, "ఊళ్లో ఉన్నానని చెప్పు" అన్నాడు. కొడుకు ఒక్క క్షణం ఆగాడు. ఫోను మీద చేయి పెట్టి, ఎంతో మర్యాదగా, "వద్దు నాన్నా, ఇక్కడే ఉన్నానని చెబుతాను. నెలాఖరు దాకా ఆగమని అడుగుతాను" అన్నాడు. అలాగే చెప్పాడు. తండ్రి ఏమీ అనలేదు. కాసేపయ్యాక కొడుకు భుజం మీద చేయి వేశాడు.

ఫలితం ఎవరి చేతుల్లో?

ఇక్కడే అసలైన ప్రశ్న ముందుకు వస్తుంది. ఇల్లే పిల్లల్ని తీర్చిదిద్దుతుందంటే, సేవ నేర్చుకున్న ఆ అబ్బాయి అబద్ధం ఎందుకు నేర్చుకోలేదు? రెండూ ఒకే తండ్రి దగ్గర చూశాడు కదా! మరో వైపు, ధార్మికంగా ఉన్న ఇళ్లలోనూ కొందరు బిడ్డలు దారి తప్పుతున్నారు. అలాంటప్పుడు తల్లిదండ్రుల శ్రమకు అర్థమేమిటి?

దివ్య ఖుర్ఆన్ ఈ ప్రశ్నకు రెండు వైపులా సాక్ష్యాలు చూపించింది. హజ్రత్ నూహ్ (అలై) సాక్షాత్తు దైవప్రవక్త. ఆయన కొడుకు తండ్రి పిలుపును కాదని, కొండెక్కి ప్రాణం కాపాడుకుంటానని చెప్పి అలల్లో మునిగిపోయాడు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) విగ్రహారాధకుని ఇంట పుట్టారు, అయినా సత్యాన్ని గుర్తించారు. ఆయన తండ్రితో మాట్లాడిన తీరు 'మర్యమ్' సూరాలో ఉంది. ప్రతి మాటకు ముందూ ప్రేమగా 'ఓ నా తండ్రీ' అని నాలుగుసార్లు సంబోధించారు. తండ్రి బెదిరించి వెళ్లగొట్టినా సలాం చెప్పి వచ్చారు. తప్పును కాదన్నారు గానీ తండ్రిని తూలనాడలేదు. నిమ్స్ వరండాలో ఆ అబ్బాయి 'వద్దు నాన్నా' అన్నప్పుడు నాకు ఆ సూరాయే గుర్తుకు వచ్చింది.

కాబట్టి ఇల్లు గొప్ప గురువే గానీ విధాత కాదు. ఇల్లు విత్తనం వేస్తుంది, మొలిపించేవాడు అల్లాహ్. వినడానికి చెవులు, చూడడానికి కళ్లు ఇచ్చిన ప్రభువు, చూసినదాన్ని తూచడానికి హృదయాన్ని కూడా ఇచ్చాడు. అందుకే చెడ్డ ఇంట్లో పెరిగానని ఏ కొడుకూ తప్పించుకోలేడు. మంచి ఫలితం రాలేదని ఏ తండ్రీ కుంగిపోనక్కర్లేదు. అల్లాహ్ తల్లిదండ్రుల్ని ప్రశ్నించేది బిడ్డ ఎంత ఎదిగాడని కాదు, మీరు ఏం విత్తారని. హజ్రత్ నూహ్ (అలై) చివరి క్షణం దాకా కొడుకును పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపే ఆయన బాధ్యత.

దీన్ని సాకుగా తీసుకునేవారూ ఉంటారు. హిదాయత్ అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు మనం చేసేదేముందంటారు. అయ్యా! వాన అల్లాహ్ చేతిలో ఉందని రైతు దుక్కి దున్నడం మానేస్తున్నాడా? ఫలితం మన చేతిలో లేకపోవడం మన భారాన్ని తేలిక చేస్తుందే తప్ప మన పనిని రద్దు చేయదు.

ఈ రోజు నుంచే...

సోదరులారా, సోదరీమణులారా! ఇంటిని మార్చడానికి పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. రోజుకు ఒక్క పూటైనా అందరూ కలిసి కూర్చుని, ఫోన్లు పక్కన పెట్టి, బిస్మిల్లాహ్‌తో భోజనం చేయండి. చిన్నపిల్లలకు ఇచ్చిన మాటను పెద్దవాళ్లకు ఇచ్చిన మాటలాగే నిలబెట్టుకోండి. తప్పు జరిగితే భార్య ముందు, బిడ్డల ముందు ఒప్పుకోండి. తండ్రి క్షమాపణ కోరగా చూసిన పిల్లవాడు తౌబా అంటే ఏమిటో పుస్తకం లేకుండానే తెలుసుకుంటాడు. ఇంట్లో వృద్ధులకు సేవ చేసేటప్పుడు పిల్లలను అవతలికి పంపకండి, చెంబు పట్టుకోనివ్వండి. బాకీ ఉంటే ఉందని చెప్పండి, గడువు కావాలంటే అడగండి. కోచింగుకు పంపిన బిడ్డకు ఫోను చేసినప్పుడు మార్కులు అడగడానికి ముందు, తిన్నావా, పడుకున్నావా, నమాజు చేశావా అని అడగండి.

హజ్రత్ యాఖూబ్ (అలై) మరణశయ్యపై ఉండి కొడుకులను పిలిచి ఒక ప్రశ్న అడిగిన సంగతి 'బఖరా' సూరాలో ఉంది. ఆస్తి ఎలా పంచుకుంటారని అడగలేదు. నా తరువాత మీరు ఎవరిని ఆరాధిస్తారని అడిగారు. కొడుకులు తడుముకోకుండా సరైన జవాబు చెప్పారు. ఆ జవాబు ఆ ఒక్క రోజులో నేర్చుకున్నది కాదు. ఏళ్ల తరబడి ఇంట్లో చూసి, విని, జీర్ణించుకున్నది. ఒక రోజు మనం కూడా ఆ పడక మీద ఉంటాం. మన పిల్లలు చుట్టూ నిలబడతారు. అప్పుడు అడగడానికి మన దగ్గర ఏ ప్రశ్న ఉంటుంది? చెప్పడానికి వాళ్ల దగ్గర ఏ జవాబు ఉంటుంది?

ఫీజు రసీదు మీద 'చెల్లించబడినది' అని ముద్ర వేస్తారు. సంతానం అనే అమానతు మీద ఆ ముద్ర మనం వేసుకునేది కాదు. అది ప్రళయదినాన లెక్క చూసే ప్రభువు వేయాల్సినది.

అల్లాహ్ మన భార్యాబిడ్డలను మన కంటికి చలువగా చేయుగాక! మన మాటకూ నడతకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించుగాక! మన ఇళ్లను సత్యం, సహనం, సేవ నేర్పే పాఠశాలలుగా మలచుకునే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.